తేలిక విమానం.. బరువైన బేరం

* వాయుసేనకు 40 అందాక పని ఎవరిస్తారు?
* సి-295 అమ్మకం వెనుక లెక్కలివీ

ఇబ్రహీంపట్నం: వడోదరలో రెక్కలు తొడుక్కుంటున్న సైనిక రవాణా విమానానికి హైదరాబాద్‌కు విడదీయరాని బంధం ఉంది. విమాన దేహంలోని ప్రధాన భాగాలు ఇక్కడే సిద్ధమై అక్కడికి తరలుతున్నాయి. భారత వాయుసేన కోసం దేశంలో తయారయ్యే ఈ సి-295 విమానాలు 40. ఒప్పంద ప్రణాళిక ప్రకారం తొలి విమానం 2026 సెప్టెంబరులో, చివరిది 2031 ఆగస్టులో చేతికందాలి. ఆ తర్వాత కర్మాగారానికి పని ఎక్కడి నుంచి వస్తుంది? ఇతర దేశాలకు అమ్మగలిగితేనే వస్తుంది. ఐటీఐ, పాలిటెక్నిక్ చదివి ఈ రంగంపై ఆశలు పెట్టుకున్న జిల్లా యువత తెలుసుకోవాల్సిన విషయం ఇది. సైనిక రవాణా విమానం ఎలా అమ్ముడవుతుంది? బేరం ఎక్కడ తెగుతుంది, ఎక్కడ చెడుతుంది?

ఏమిటీ తేలికపాటి రవాణా విమానం?

యుద్ధ విమానం కంటికి కనిపించినంతగా రవాణా విమానం కనిపించదు. కానీ కొండ కొమ్మున కాపలా కాసే జవానుకు బియ్యం, మందులు, తూటాలు చేరవేసేది ఇదే. వరదల్లో చిక్కుకున్నవారికి ఆహార పొట్లాలు జారవిడిచేదీ, గాయపడిన సైనికుణ్ని ఆసుపత్రికి తెచ్చేదీ ఇదే. అయిదు నుంచి పది టన్నుల వరకు మోయగల విమానాలను ఈ కోవలో లెక్కిస్తారు.

సి-295 సుమారు తొమ్మిది టన్నులు మోస్తుంది. 71 మంది సైనికులను లేదా 50 మంది వరకు పారాచూట్ సైనికులను తీసుకెళ్తుంది. పంకాలను తిప్పే రెండు టర్బోప్రాప్ ఇంజిన్లు దీనికి బలం. వేగం పెద్ద జెట్ విమానమంత ఉండదు. అయినా పొట్టి రన్‌వేపైనా, చదును చేసిన మట్టి నేలపైనా దిగి, తిరిగి లేవగలగడం దీని ప్రత్యేకత. తోక కింద ఉండే తలుపు వాలుబల్లలా నేలకు దిగుతుంది. సరకును దానిమీదుగా నేరుగా లోపలికి తోసేయవచ్చు. జీపును నడుపుకొంటూ ఎక్కించవచ్చు.

ఆవ్రో స్థానంలో..

ఇది ఏ విమానానికి బదులుగా వస్తోందో తెలిస్తే అవసరం అర్థమవుతుంది. బ్రిటన్‌లో రూపకల్పన జరిగిన ఆవ్రో-748 విమానాన్ని కాన్పూర్‌లో లైసెన్సుపై తయారుచేశారు. అక్కడ రూపొందిన తొలి ఆవ్రో 1961 నవంబరులో గాలిలోకి లేచింది. అప్పటి నుంచి దశాబ్దాల తరబడి వాయుసేనకు సేవలందించింది. అయితే దానికి వెనుక వైపు తెరుచుకునే వాలు తలుపు లేదు. కాలం చెల్లిన నమూనా కావడంతో విడిభాగాల కొరత కూడా తోడైంది.

కొత్త విమానం కోసం 2013లో 8 విదేశీ సంస్థల నుంచి ప్రతిపాదనలు కోరారు. భారత ప్రైవేటు సంస్థతో చేతులు కలిపి అత్యధిక విమానాలు ఇక్కడే తయారుచేయాలన్నది షరతు. చివరకు ముందుకొచ్చింది ఎయిర్‌బస్-టాటా జంట ఒక్కటే. ఒకే టెండరు వచ్చినప్పుడు ముందుకు సాగాలా, మళ్లీ పిలవాలా అన్న మీమాంస సర్కారు కొనుగోళ్లలో మామూలే. 2015లో రక్షణ కొనుగోళ్ల మండలి పచ్చజెండా ఊపినా, ఒప్పందంపై సంతకాలు పడింది 2021 సెప్టెంబరు 24న. అంటే ప్రతిపాదనలు కోరిన నాటి నుంచి ఎనిమిదేళ్లు! విమానం అమ్మజూపేవారికి ముందుగా ఉండాల్సింది ఓపిక అనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు.

ఒప్పందం విలువ సుమారు 21,935 కోట్ల రూపాయలు. మొత్తం విమానాలు 56. ఇందులో 16 స్పెయిన్‌లోని సెవిల్లె నుంచి ఎగురుకుంటూ వచ్చాయి. మొదటిది 2023 సెప్టెంబరులో, పదహారోది 2025 ఆగస్టులో చేతికందాయి. వడోదర కర్మాగారాన్ని 2024 అక్టోబరు 28న భారత, స్పెయిన్ ప్రధానులు కలిసి ప్రారంభించారు.

మన వాటా ఎంత?

రక్షణశాఖ వెల్లడించిన ప్రకారం విమానానికి కావాల్సిన 13,400కు పైగా విడి వస్తువులు, 4,600 ఉప భాగాలు, ఏడు ప్రధాన భాగాల కూర్పు దేశంలోనే జరుగుతాయి. ఏడు రాష్ట్రాల్లో 125కు పైగా చిన్న, మధ్యతరహా పరిశ్రమలను సరఫరాదారులుగా గుర్తించారు. నేరుగా 600 మంది నిపుణులకు, పరోక్షంగా 3 వేల మందికి పైగా, వీరుగాక మధ్యస్థాయి నైపుణ్యం ఉన్న మరో 3 వేల మందికి ఉపాధి లభిస్తుందన్నది అంచనా. అయితే ఇంజిన్లు, చక్రాల వ్యవస్థ, విమాన ఎలక్ట్రానిక్ పరికరాల వంటివి ఎయిర్‌బస్ ద్వారానే వస్తాయి. విమానం ధరలో పెద్దపీట వీటిదే. దేహం మనది, గుండె వారిది అన్నమాట.

రంగారెడ్డి జిల్లాకు ఈ పని కొత్త కాదు. ఆదిబట్లలో టాటా, లాక్‌హీడ్ మార్టిన్ ఉమ్మడి సంస్థ సి-130జె రవాణా విమానం తోక భాగాలను తయారుచేస్తోంది. ఇప్పటికే 200కు పైగా అమెరికాకు వెళ్లాయి. ఏ దేశం ఆ విమానం కొన్నా ఆదిబట్లకు పని దొరుకుతుంది. అమ్మకానికీ ఉపాధికీ ఉన్న ముడి అక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

ధర ఒక్కటే చాలదు

ఒప్పందం మొత్తాన్ని 56తో భాగిస్తే ఒక్కోటి సుమారు 390 కోట్ల రూపాయలు పడుతుంది. అలాగని ఇది విడి విమానం వెల కాదు. అనుబంధ సామగ్రి కూడా ఇందులో కలిసి ఉంటుంది. ట్రాక్టరు కొనే రైతు ధరతోపాటు మెకానిక్ ఎంత దూరంలో ఉన్నాడు, సామాన్లు మండల కేంద్రంలో దొరుకుతాయా అని ఆరా తీస్తాడు. దేశాలూ అంతే. విమానం ముప్పై, నలభై ఏళ్లు ఎగరాలి. అన్నాళ్లూ విడిభాగాలు అందించే పూచీ ఎవరిది, పైలట్లకు శిక్షణ ఎక్కడ, పెద్ద మరమ్మతు వస్తే ఎక్కడికి పంపాలి, అప్పు ఎవరిస్తారు అన్నవే బేరాన్ని తేలుస్తాయి.

ఏఎన్-32 అనుభవం ఇందుకు ఉదాహరణ. 1980లలో సోవియట్ యూనియన్ నుంచి 100కు పైగా ఈ విమానాలు కొన్నాం. సోవియట్ యూనియన్ చీలిపోయాక తయారీదారు ఉక్రెయిన్ వాటాకు వెళ్లాడు. వీటిని ఆధునికీకరించేందుకు 2009లో ఆ దేశంతో ఒప్పందం కుదిరింది. 2014లో అక్కడ సంక్షోభం తలెత్తడంతో విడిభాగాల సరఫరాకు ఆటంకాలు ఏర్పడి పని కుంటుపడింది. అమ్మినవాడి ఇంట్లో నిప్పు అంటుకుంటే కొన్నవాడి విమానం నేలమీదే ఉండిపోతుంది.

ఈ విమానాల విలువ డబ్బుతో మాత్రమే కొలిచేది కాదు. 2016 జులై 22న చెన్నై నుంచి పోర్టుబ్లెయిర్ బయల్దేరిన ఏఎన్-32 బంగాళాఖాతంపై అదృశ్యమైంది. అందులో ఉన్న 29 మందిలో 8 మంది విశాఖపట్నం నౌకాదళ ఆయుధ డిపోకు చెందిన పౌర ఉద్యోగులు. నెలల తరబడి గాలించినా జాడ దొరకలేదు. ఏడున్నరేళ్ల తర్వాత, 2024 జనవరిలో, సుమారు 3,400 మీటర్ల లోతున శకలాలు కనిపించాయని రక్షణశాఖ ప్రకటించింది. రవాణా విమానం ఎంపికలో సాంకేతిక పరీక్షలు ఏళ్ల తరబడి ఎందుకు సాగుతాయో ఆ కుటుంబాలను అడిగితే తెలుస్తుంది.

చిన్న దేశాలే కొనుగోలుదారులు

తేలికపాటి రవాణా విమానానికి గిరాకీ ఎక్కువగా చిన్న, మధ్యస్థాయి దేశాల్లో ఉంటుంది. వాటికి నగదు కొరత. అందుకే అమ్మే దేశం అప్పు కూడా సమకూరుస్తుంది. కాన్పూర్‌లోని హెచ్ఏఎల్ కర్మాగారంలో తయారయ్యే 19 సీట్ల డోర్నియర్-228 ఇలాగే గడప దాటింది. దక్షిణ అమెరికాలోని గయానా 2024లో రెండు డోర్నియర్లను అందుకుంది. ఇందుకు మన ఎగ్జిమ్ బ్యాంకు సుమారు 2.3 కోట్ల డాలర్ల రుణం ఇచ్చింది. సీషెల్స్‌కు 2013లో ఒకటి, 2018లో మరొకటి కానుకగా వెళ్లాయి. శ్రీలంకకు 2022 ఆగస్టు 15న ఒకటి అప్పగించారు.

రాజకీయం మారితే ఏమవుతుందో మాల్దీవుల్లో చూశాం. అక్కడ కొత్త ప్రభుత్వం వచ్చాక, డోర్నియర్‌ను, హెలికాప్టర్లను నడిపే భారత సైనిక సిబ్బంది వెనుదిరగాలని పట్టుబట్టింది. 2024 మే నాటికి వారి స్థానంలో పౌర సాంకేతిక సిబ్బందిని పంపాల్సి వచ్చింది. విమానంతో పాటు స్నేహాన్ని కూడా అమ్మాలి, నిలుపుకోవాలి.

ఇండోనేషియా చెప్పిన పాఠం

సి-295కు అన్నలాంటి విమానం సీఎన్-235. స్పెయిన్‌కు చెందిన కాసా, ఇండోనేషియాకు చెందిన ఐపీటీఎన్ సంస్థలు కలిసి రూపొందించిన ఈ విమానం 1983లో తొలిసారి ఎగిరింది. దాన్నే స్పెయిన్ సంస్థ సాగదీసి, బలమైన ఇంజిన్లు అమర్చి సి-295గా మలిచింది. జర్మనీలో పనిచేసి స్వదేశానికి తిరిగొచ్చిన ఇంజినీరు హబీబీ 1976లో బాండుంగ్‌లో ఆరంభమైన ఆ కర్మాగారానికి సారథి. ఆయనే తర్వాత ఆ దేశాధ్యక్షుడయ్యారు.

విమానం అమ్మడానికి ఇండోనేషియా తొక్కని దారి లేదు. 1996లో థాయ్‌లాండ్‌తో కుదిరిన బేరం మరీ విచిత్రం. రెండు విమానాలకు బదులుగా సుమారు లక్షా పది వేల టన్నుల జిగురు బియ్యం తీసుకోవడానికి ఒప్పుకొంది. మన పల్లెల్లో ఒకప్పుడు ధాన్యం కొలిచి ఉప్పు, కుండలు తీసుకున్న పద్ధతే దేశాల మధ్య విమానానికీ వర్తించిందన్నమాట.

అంతలో 1997-98 ఆసియా ఆర్థిక సంక్షోభం ముంచుకొచ్చింది. అంతర్జాతీయ ద్రవ్యనిధి రుణం ఇవ్వాలంటే విమాన పరిశ్రమకు సర్కారు సాయం ఆపాలన్న షరతు వచ్చింది. ఒకప్పుడు 16 వేల మందికి కూడు పెట్టిన సంస్థ 2003లో 6 వేల మందికి పైగా ఉద్యోగులను ఇంటికి పంపింది. 2007లో కోర్టు దివాలా ప్రకటించగా, అదే ఏడాది సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. సంస్థ నేటికీ నడుస్తోంది, విమానాలు అమ్ముతోంది. కానీ పూర్వ వైభవం లేదు. అక్కడ నైపుణ్యానికి లోటు రాలేదు. ఆర్డర్లే కరవయ్యాయి.

మన ముందున్న దారి

వాయుసేనకు 56 విమానాల అప్పగింత పూర్తయ్యాక, భారత్‌లో తయారైన సి-295లను పౌర సంస్థలకు అమ్ముకోవడానికి, కేంద్రం అనుమతించిన దేశాలకు ఎగుమతి చేయడానికి ఎయిర్‌బస్‌కు వీలు కల్పించారు. ప్రపంచంలో 30కి పైగా దేశాలు ఈ విమానాన్ని ఎంచుకున్నాయి. గిరాకీ ఉన్న సరకే. చిక్కంతా పోటీలో ఉంది. సెవిల్లెలోనూ ఇదే విమానం తయారవుతుంది. కొత్త ఆర్డరు వస్తే అది స్పెయిన్‌కు దక్కుతుందా, మనకు దక్కుతుందా అన్నది ఖర్చు, నాణ్యత, గడువు తేలుస్తాయి. ఇటలీ తయారీ సి-27జె వంటి ప్రత్యర్థులూ బరిలో ఉన్నారు.

మరో దారి దేశంలోనే ఉంది. నౌకాదళం, తీర రక్షక దళాలకు సముద్ర గస్తీ విమానాలు కావాలి. ఇదే దేహానికి రాడార్లు అమర్చితే గస్తీ విమానమవుతుంది. ఆ రూపాన్ని ఇతర దేశాలు ఇప్పటికే వాడుతున్నాయి. ఇలాంటి అదనపు ఆర్డర్లు కర్మాగారాన్ని ఖాళీ పడకుండా కాపాడతాయి.

జిల్లా యువత గమనించాల్సింది ఒకటుంది. ఒక్క విమానాన్ని నమ్ముకుని నేర్చిన పని ఆ విమానంతోనే ముగియవచ్చు. రివెట్లు బిగించడం, లోహపు రేకుల కూర్పు, సీఎన్‌సీ యంత్రాల నిర్వహణ, నాణ్యతా పరీక్ష వంటి నైపుణ్యాలు మాత్రం సి-130జె తోకకూ, అపాచీ హెలికాప్టర్ దేహానికీ, రేపు వచ్చే మరో విమానానికీ పనికొస్తాయి. ఆర్డర్ల సంగతి ఢిల్లీలోనూ, విదేశీ రాజధానుల్లోనూ తేలుతుంది. చేతిలోని పనితనాన్ని మాత్రం ఎవరూ రద్దు చేయలేరు.