తేజస్‌లో పైలట్ చెయ్యి

ధర్మవరం, ముదిగుబ్బ వైపు గుంట మగ్గం వేసేటప్పుడు నేసేవాడి కాళ్లు ఎంత లోతుకు అందుతాయో చూసుకుని గుంట తవ్వుతారు. యుద్ధవిమానాలు కట్టేవాళ్లకు యంత్రం మనిషికి తగ్గట్టు ఉండాలన్న ఈ సంగతి తెలియడానికి రెండో ప్రపంచ యుద్ధం దాకా పట్టింది. అమెరికా బి-17 బాంబర్లు క్షేమంగా దిగిన తర్వాత రన్‌వే మీదే చక్రాలు ముడుచుకుని కూలబడేవి. తప్పంతా పైలట్ల మీద వేసేవారు. ఆల్ఫాన్స్ చపానిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త వెళ్లి చూస్తే చక్రాల స్విచ్చీ, రెక్కల ఫ్లాపుల స్విచ్చీ పక్కపక్కనే, ఒకేలా ఉన్నాయి. చేత్తో తడిమితే తేడా తెలిసేలా ఒకదానికి చక్రం ఆకారంలో, రెండోదానికి రెక్క ఆకారంలో పిడులు పెట్టించాడు.

మన పక్కనే ఉన్న బెంగళూరులో తేజస్ యుద్ధవిమానం రూపకల్పనకు నాయకత్వం వహించిన కోట హరినారాయణ బరంపురంలో పుట్టిన తెలుగువాడు. ఆ బృందం ముందున్న చిక్కు ఇంకా పెద్దది. చురుగ్గా మలుపు తిరగాలని తేజస్‌ను కావాలనే నిలకడ లేకుండా తయారుచేశారు. దాన్ని క్షణక్షణం సర్దేది కంప్యూటరు. పైలట్ కర్రను కదిపితే ఆ మాట ముందు కంప్యూటరుకు, అక్కణ్ణుంచి రెక్కలకు వెళుతుంది. మధ్యలో కాస్త ఆలస్యమైతే చాలు. ముక్కు లేచిందని పైలట్ కర్ర ముందుకు తోస్తాడు. విమానం వెంటనే వినదు, ఇంకాస్త తోస్తాడు. అంతలో రెండు తోపులూ కలిసి ముక్కు కిందికి దూకుతుంది. కంగారుగా వెనక్కి లాగుతాడు. దిద్దేకొద్దీ ఊగుడు పెరుగుతుంది. స్వీడన్ గ్రిపెన్ తొలి నమూనా 1989లో దిగుతూ దిగుతూ ఇలాగే కూలింది. అది పైలట్ తప్పంటే నేను ఒప్పుకోను. మనిషి ప్రతిస్పందనకు పట్టే సమయం కూడా లెక్కలో ఉండాల్సిందే.

అందుకే తేజస్ నియంత్రణ సూత్రాలను పైలట్లను కూర్చోబెట్టి సిమ్యులేటర్లలో పరీక్షించారు. 1996లో అమెరికాలో ఎఫ్-16 విస్టా విమానం మీదా ఎగరేసి చూశారు. 1998లో అణు పరీక్షల తర్వాత అమెరికా విధించిన ఆంక్షలతో ఆ సాయం ఆగిపోయినా మనవాళ్లే పని పూర్తిచేశారు. 2001 జనవరి 4న వింగ్ కమాండర్ రాజీవ్ కొఠియాల్ తేజస్‌ను తొలిసారి గాల్లోకి లేపారు.

కాక్‌పిట్‌లోనూ అదే శ్రద్ధ. 8 జీ మలుపులో, అంటే శరీరం బరువు ఎనిమిది రెట్లయినట్టు అనిపించే మలుపులో, నాలుగు కిలోల చెయ్యి ముప్పైరెండు కిలోల బరువుగా తోస్తుంది. ఆ చేతిని ఎత్తి ఎదుటి బోర్డు మీద బటన్ నొక్కడం కష్టం. కాబట్టి ముఖ్యమైన మీటలన్నీ రెండు చేతులూ ఎప్పుడూ ఉండేచోటే, కర్ర మీదా థ్రాటిల్ మీదా, వేళ్లకు అందేలా అమర్చారు.