పాత జీపును పరీక్షించుట

వాన కురిసిన మరునాడు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతముల నల్లరేగడి బాటలలో బండి నడపినవారికి నాలుగు చక్రములును లాగెడు వాహనము విలువ మేము చెప్పనక్కరలేదు. 1940 దశకము చివర మహీంద్రావారు విల్లీస్ జీపులను మన దేశమున కూర్చనారంభించిరి. 1985లో మారుతీ జిప్సీ, 2010లో థార్ వచ్చినవి. ఇవి చేతులు మారి పల్లెలకు చేరుచున్నవి. రెండు పంటల రాబడి పోసి కొనువారు కొంత ఎఱిగి కొనుట మేలు.

జీపు రూపమున్నంతనే నాలుగు చక్రములకు ఇంజను బలమందునని నమ్మరాదు. వెనుక చక్రములు మాత్రమే లాగు జీపులనేకము గలవు. వంగి, ముందు ఇరుసుకు డిఫరెన్షియల్ బుడిపె యున్నదేమో చూడవలెను.

పరీక్ష తారు రోడ్డుపై చేయరాదు. ఇట్టి బండ్లలో ముందు వెనుక ఇరుసులు బిగిసి ఒకే వేగమున తిరుగును. మలుపులో చక్రములు వేర్వేరు దూరములు పోవలసియుండగా, గట్టినేలపై జారుటకు వీలులేక గేర్లు నలుగును. ఇసుకలోగాని బురదలోగాని ఫోర్‌వీల్ లివరు వేసి, ముందు చక్రములు లాగుచున్నవో లేవో వేఱొకరిచే చూపించవలెను. (నడిగడ్డలో ఇసుకకు కొఱతయా!) లివరు వెనుకకు రాకున్నచో బండిని కొంచెము వెనుకకు నడపవలెను, అప్పటికిని రాకున్న లోపమున్నదని అనుమానింపవలెను.

గేరుపెట్టె నూనె పాలవలె తెల్లబడినచో లోపలికి నీరు చేరినదన్నమాట. ఛాసిస్‌కు క్రొత్తగా నల్లరంగు పూసిన బండిని మేము నమ్మము, దానిక్రింద తుప్పుండవచ్చును. ఛాసిస్, ఇంజను సంఖ్యలు ఆర్.సి.తో సరిపోవలెను. పేరు మార్పుకు 29, 30 ఫారములు వలయును. బండిపై అప్పున్నచో 35వ ఫారముపై ఋణదాత సంతకము పడనిదే పైకము చెల్లింపరాదు.