తలకు వచ్చినది తలపాగాతో పోవలె

"తలకు వచ్చినది తలపాగాతో పోయినది" అని మన పెద్దలు ఒక సామెత చెప్పేవారు. పెద్ద ఆపద చిన్న నష్టంతో తీరిపోయినప్పుడు అనే మాట అది. మొన్న ఆషాఢంలో మా ఇంట ఈ సామెత తారుమారయినది. తలపాగా క్షేమంగా మిగిలినది. దెబ్బ తలకు తగిలినది. ఆ కథ చెప్పి, దానివల్ల మేము నేర్చుకొన్న నాలుగు సంగతులు మన కుటుంబాలవారికి పనికివస్తాయని ఇది వ్రాస్తున్నాము.

మేముండేది బెంగుళూరు. ఒకనాటి సాయంత్రం సన్నని జల్లు పడుతూ ఉండగా మా తమ్ముడు, మరదలు స్కూటరుమీద కూరలు తేవడానికి బయలుదేరారు. దూరం కిలోమీటరైనా లేదు. వేగం సైకిలు వేగమే. గుంత తప్పించబోయేసరికి తడిసిన తారుమీద బండి జారినది. తమ్ముని నెత్తిన హెల్మెట్ ఉన్నది గాని, గడ్డం క్రింది పట్టీ బిగించుకోలేదు. తల నేలను తాకకముందే హెల్మెట్ ఎగిరిపోయి, దొర్లుకుంటూ పోయి మురుగుకాలువ పక్కన ఆగినది. దానిమీద గీత అయినా పడలేదు. తమ్ముని తలకు ఏడు కుట్లు పడ్డాయి. కాసేపు స్పృహ తప్పినందువల్ల వైద్యులు రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచుకొని చూచి పంపారు. "సందు చివరికే గదా, వెనక కూర్చునేదాన్ని నాకెందుకు?" అని ఒట్టి తలతో బయలుదేరిన మరదలికి మణికట్టు విరిగినది. తల నేలకు తగలలేదంటే అది కేవలం అదృష్టం.

ఇంటికి వచ్చిన తరువాత ఆ హెల్మెట్‌ను చేతిలోకి తీసుకొని పరీక్షగా చూచాము. రోడ్డు పక్కన పరచి అమ్మేవారి దగ్గర మూడు వందలకు కొన్నది. లోపలి గుడ్డ లాగితే పలుచని స్పాంజి, దాని వెనుక పలుచని ప్లాస్టిక్కు, అంతే. వెనుక అంటించిన ఐ.ఎస్.ఐ. గుర్తు గోటితో గీకగానే ఊడివచ్చినది.

"పోలీసువాళ్లు ఆపకుండా ఉంటే చాలుననుకొన్నానన్నా" అన్నాడు తమ్ముడు తల వంచుకొని.

వానిని కోప్పడడానికి మాకు నోరు రాలేదు. హెల్మెట్‌ను అద్దానికి తగిలించి, చౌరస్తా కనబడగానే తీసి నెత్తిన పెట్టుకొన్న రోజులు మాకూ ఉన్నాయి.

కొబ్బరికాయ చెప్పే పాఠం

చెట్టుమీదినుంచి రాలిన కొబ్బరికాయ ఇసుకలో పడితే చెక్కు చెదరదు. అదే కాయను గుడి ముందు రాతిమీద కొడితే రెండు చెక్కలవుతుంది. తేడా ఎక్కడ ఉన్నది? ఇసుక కొంచెం అణగి, కాయ ఆగడానికి కొంత దూరం, కొంత వ్యవధి ఇస్తుంది. రాయి ఇవ్వదు.

హెల్మెట్ చేసే పని ఇదే. పైన ఉండే గట్టి చిప్ప దెబ్బను ఒకచోట గ్రుచ్చుకోనీయక నలుదిక్కులకు పంచుతుంది. దాని లోపల, మనం థర్మోకోల్ అని పిలిచే పదార్థంతోనే ఒత్తుగా చేసిన పొర ఒకటి ఉంటుంది. అదే మన ఇసుక. దెబ్బ తగిలినప్పుడు అది తాను నలిగి, తలను ఒక్కసారిగా కాక రెండు సెంటీమీటర్ల దూరంలో మెల్లగా ఆపుతుంది. ఒట్టి తల రోడ్డును తాకితే ఆ అవకాశం లేదు. ఇక స్పాంజి మెత్తదనానికే గాని రక్షణకు కాదు. థర్మోకోల్ పొర లేని హెల్మెట్ అంటే ఇసుక లేని రాయి అన్నమాట.

"మేము మెల్లగానే పోతాము" అనేవారు ఒక లెక్క గమనించవలె. స్కూటరుమీద కూర్చున్న మనిషి తల నేలకు సుమారు ఒకటిన్నర మీటర్ల ఎత్తున ఉంటుంది. ఆ ఎత్తునుంచి ఏ వస్తువు పడినా నేలను తాకేసరికి దాని వేగం గంటకు దాదాపు ఇరవై కిలోమీటర్లు అవుతుంది. బండి నిలిచి ఉన్నా సరే, తల పడే వేగం అంత ఉంటుంది.

ఈ సంగతి లోకానికి ఊరికే తెలియలేదు. ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’ అని పేరుపొందిన టి.ఇ. లారెన్స్ 1935 మేలో ఇంగ్లండులో మోటారు సైకిలు ప్రమాదానికి గురియై, ఆరు రోజులు స్పృహ లేకుండా ఉండి మరణించాడు. ఆయనను చూచిన వైద్యులలో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు శస్త్రవైద్యుడు ఒకరు. తలదెబ్బలతో పోతున్న మోటారు సైకిలు సవారుల వివరాలు సేకరించి ఆయన 1941లో ఒక వైద్యపత్రికలో వ్యాసం ప్రకటించాడు. ఆ ఏడాదే బ్రిటిష్ సైన్యం బండ్లమీద వార్తలు మోసే తన సిపాయిలకు హెల్మెట్ తప్పనిసరి చేసినది. తరువాత 1953లో అమెరికాలో సి.ఎఫ్. లొంబార్డ్ అనే పరిశోధకుడు, తాను నలిగి దెబ్బను మింగే లోపలి పొర గల హెల్మెట్‌కు పేటెంటు పొందాడు.

అనేక దేశాల పరిశోధనలను కలిపి చూచిన ఒక సమీక్ష 2008లో వెలువడినది. హెల్మెట్ ధరించినవారిలో మరణాపాయం సుమారు 42 శాతం, తలకు గాయమయ్యే ప్రమాదం సుమారు 69 శాతం తగ్గుతున్నవని అది తేల్చినది. మన దేశంలో 2022లో హెల్మెట్ లేక ద్విచక్ర వాహన ప్రమాదాలలో పోయినవారు 50,029 మంది అని కేంద్ర ప్రభుత్వపు లెక్క. వారిలో 14,337 మంది, మా మరదలివలె, వెనుక కూర్చున్నవారే.

దుకాణంలో

తమ్ముని కుట్లు విప్పిన ఆదివారమే ఇంటిల్లిపాదిమీ జె.సి. రోడ్డుకు వెళ్లాము. అక్కడ వాహనాల సామాను అమ్మే దుకాణాలు వరుసగా ఉంటాయి. మేము వెళ్లిన దుకాణదారు మంచివాడు. రంగులు, బొమ్మలు చూపించకముందే టేపు తీశాడు.

మొదటి మెట్టు కొలత. కనుబొమలకు ఒక అంగుళం పైన, చెవులమీదుగా, వెనుక తల బాగా ఉబ్బిన చోటు మీదుగా టేపు చుట్టి కొలవవలె. మన దేశపు హెల్మెట్లమీద 560, 580, 600 అని మిల్లీమీటర్లలో అంకెలు ఉంటాయి. తమ్మునిది 572 వచ్చినది. "పెద్దదే ఇవ్వండి, గాలి ఆడుతుంది" అని అడిగితే దుకాణదారు ఒప్పుకోలేదు. ముందు 580 పెట్టి చూపించాడు.

రెండవది గుర్తు. 2021 జూన్ 1 నుంచి ఐ.ఎస్.ఐ. గుర్తు లేని ద్విచక్ర వాహనపు హెల్మెట్లు మన దేశంలో తయారు చేయడం, అమ్మడం నిషేధం. చెన్నైలోనైనా, బరంపురంలోనైనా, పుణేలోనైనా, యానాంలోనైనా చట్టం ఒక్కటే. గుర్తుకు పైన ‘ఐ.ఎస్. 4151’ అనీ, క్రింద ‘సి.ఎం./ఎల్.’ అన్న అక్షరాలతో లైసెన్సు నంబరూ ఉండవలె. ఆ నంబరును ‘బి.ఐ.ఎస్. కేర్’ అనే ప్రభుత్వపు యాప్‌లో కొట్టి చూస్తే తయారీదారు పేరు కనబడుతుంది. దుకాణంలో నిలబడే చూడవచ్చును. అట్టి హెల్మెట్ సుమారు వెయ్యి రూపాయలకే దొరుకుతుంది. ఇంకా ఖరీదైనవి ఉన్నాయి. అవి ఎవరి స్తోమతను బట్టి వారు.

మూడవది రకం. తల పైభాగం మాత్రమే మూసేది, గడ్డం వదిలిపెట్టేది, ముఖమంతా కప్పేది అని మూడు రకాలు. పడేటప్పుడు మనిషి ఏ పక్కకు పడవలెనో ఎంచుకోలేడు. గడ్డం, దవడ, పళ్లు కూడా మనవే గదా! అందుచేత ముఖమంతా కప్పేదానినే ఎంచుకొన్నాము. ఎండకాలానికి గాలిరంధ్రాలు ఉన్నవి, లోపలి గుడ్డ ఊడదీసి ఉతుక్కొనే వీలున్నవి చూచుకొన్నాము. ముందు అద్దం తెల్లనిదే తీసుకోవలె. నల్ల అద్దం రాత్రిపూట గుడ్డితనంతో సమానం.

నాలుగవది, అన్నిటికన్న ముఖ్యమైనది, తలకు అమరడం. కొత్త హెల్మెట్ బుగ్గలను కొద్దిగా నొక్కవలె. తల అటూ ఇటూ ఊపితే అది తలతోబాటే తిరగవలె గాని వెనుకబడకూడదు. పట్టీ బిగించి, వెనుకనుంచి అంచు పట్టుకొని ముందుకు లేపి చూడవలె. ఊడివస్తే అది మనది కాదు. గడ్డానికీ పట్టీకీ నడుమ రెండు వేళ్లు దూరేటంత సందు చాలును. తరువాత పది నిమిషాలు నెత్తిన ఉంచుకొని కూర్చోవలె. నుదుటిమీద ఒకచోట నొప్పి పుడితే ఆ ఆకారం మన తలకు సరిపడదు. వేరే కంపెనీది చూడవలె.

ఇంటిల్లిపాదికీ

మరదలి వంతు వచ్చినప్పుడు చిక్కు వచ్చినది. ముడితో పెట్టుకొంటే హెల్మెట్ నెత్తిమీద గోపురంలాగా నిలిచినది. ముడి విప్పి, జడ క్రిందికి అల్లుకొని పెట్టుకొంటే సరిగా కూర్చున్నది. "పూలు నలుగుతాయి గదా!" అన్నది. "బండి దిగిన తరువాత పెట్టుకోమ్మా, పొట్లం సంచిలో ఉంటుంది" అని అమ్మే చెప్పినది. వెనుక కూర్చునేవారికి ముందువారివలె పట్టుకోవడానికి హ్యాండిల్ కూడా లేదు. కర్ణాటకలో వెనుకవారికి కూడా హెల్మెట్ అని 2016 జనవరినుంచే పట్టుబడుతున్నారు.

తమ్ముని కూతురికి ఆరేళ్లు. ఇంతకుముందు స్కూటరు ముందు నిలబెట్టుకొని బడికి తీసుకొనిపోయేవారు. ఆ అలవాటు మాన్పించాము. పెద్దల హెల్మెట్‌లో తువాలు కుక్కి పిల్లలకు పెట్టడం కూడా పనికిరాదు. పిల్లల కొలతలకే చేసినవి దొరుకుతాయి. 1988 నాటి మోటారు వాహనాల చట్టాన్ని 2019లో సవరించినప్పుడు నాలుగేళ్లు దాటిన ప్రతివారికీ హెల్మెట్ విధించారు. తొమ్మిది నెలలనుంచి నాలుగేళ్లవరకు ఉన్న పసివారికి హెల్మెట్, నడిపేవారికి కట్టే జీనుపట్టీ, నలభై కిలోమీటర్లకు మించని వేగం అనే నియమాలు 2023 ఫిబ్రవరి 15న అమలులోకి వచ్చినవి. ఆ చట్టంలోనే హెల్మెట్ పట్టీతో బిగించి ఉండవలెనని కూడా ఉన్నది. బిగించనిది చట్టం దృష్టిలోనూ సరియైనది కాదు.

చివరకు మిగిలినది అమ్మ. "నాకెందుకురా, శనివారం గుడికేగా పోయేది" అన్నది. తమ్ముడు ఏమీ అనక, తల వంచి కుట్ల మచ్చ చూపించాడు. అమ్మ మారుమాటాడలేదు. తేలికగా ఉన్నది చూచి ఆమెకూ ఒకటి తీసుకొన్నాము.

కొన్న తరువాత

హెల్మెట్ ఒక్క పెద్ద దెబ్బకే పనికివచ్చే వస్తువు. లోపలి పొర ఒకసారి నలిగితే మళ్లీ లేవదు. పైకి మాత్రం బాగానే కనబడవచ్చును. అందుచేత ప్రమాదంలో దెబ్బ తిన్నదానిని తీసివేయవలె. ఎవరో వాడినది కొనకూడదు. దెబ్బ తినకపోయినా అయిదేళ్లకొకసారి మార్చుకోవడం మంచిదని అంటారు. బండి అద్దానికి తగిలిస్తే లోపలి పొరలో గుంట పడుతుంది. పెట్రోలుతో, థిన్నరుతో తుడవకూడదు, సబ్బునీళ్లు చాలును. తడి తలమీద పెట్టుకోక, లోపలి గుడ్డ అప్పుడప్పుడు ఉతికి ఆరవేస్తే చెమట వాసన, దురద బాధించవు.

మరొక్క మాట. రోడ్డుమీద ఎవరైనా పడి ఉంటే, ఆత్రంగా వారి హెల్మెట్ లాగవద్దు. మెడ ఎముక దెబ్బతిని ఉండవచ్చును. అద్దం పైకెత్తి, ఊపిరి ఆడుతున్నదో లేదో చూచి, తల కదలకుండా పట్టుకొని, 108కో 112కో ఫోను చేయవలె. ఊపిరి ఆడక తీయవలసివస్తే, ఒకరు మెడను, దవడను కదలకుండా పట్టుకోగా మరొకరు మెల్లగా తీయవలె.

తమ్ముని పాత హెల్మెట్‌ను ఏమి చేయవలెనన్న ప్రశ్న వచ్చినది. పనివానికి ఇద్దామని ఎవరో అన్నారు. మన తలకు పనికిరానిది వాని తలకు ఎట్లా పనికివస్తుంది? మరదలు దాని అడుగున రంధ్రాలు పొడిచి, మట్టి పోసి, కొత్తిమీర చల్లినది. ఇప్పుడు పెరట్లో పచ్చగా ఉన్నది.

పాఠకులను మేము కోరేది ఒక్కటే. ఈ వ్యాసం చదవడం ముగించి, మీ ఇంటి హెల్మెట్‌ను ఒకసారి తెచ్చి చూడండి. లోపలి పొర ఉన్నదా, గుర్తు ఉన్నదా, పట్టీ బిగుస్తున్నదా, ఇంట్లో బండి ఎక్కే ప్రతి తలకూ ఒకటి ఉన్నదా? ఒకవేళ తలకు ఏదైనా రానున్నా, అది తలపాగాతోనే పోవలె.