మగ్గం పక్కన టీ గ్లాసు

ఉప్పాడలో జాందానీ మగ్గం మీద ఇద్దరు పక్కపక్కనే కూర్చుని నేస్తారు. పడుగు పోగులు లెక్కపెట్టుకుంటూ, బుటాకి కావలసిన దారాన్ని వేళ్లతో దూర్చి, పేక వేసి, మళ్లీ లెక్కలోకి దిగాలి. ఒక్క పోగు తప్పినా పువ్వు వంకర పోతుంది. చీరకి రెండు వైపులా ఒకేలా కనిపించే ఈ నేతకు 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇంత చూపు నిలిపే పనిలో మధ్యమధ్య టీ పడకపోతే చెయ్యి సాగదంటారు. తెల్లవారకముందే చేపల వేటకు పోయేవాళ్ల మాటా అదే.

వాళ్ల అనుభవం ఉత్త అలవాటు కాదు. టీలో కెఫీన్‌తో పాటు ఎల్-థియానిన్ అనే పదార్థం ఉంది. 1950 ప్రాంతంలో జపాన్‌లోని క్యోటోలో దీన్ని తేయాకు నుంచి మొదటిసారి వేరు చేశారు. కెఫీన్ మగతను పోగొడుతుంది, థియానిన్ మనసును కాస్త నెమ్మదిపరుస్తుంది. రెండూ కలిసినప్పుడు ఏకాగ్రత మెరుగవుతుందని చిన్నచిన్న పరీక్షల్లో తేలింది. పోగు తప్పకూడని పనికి ఇంతకన్నా కావలసిందేముంది?

ఆరోగ్యానికీ టీ మంచిదేనని చెప్పే ఆధారాలు ఉన్నాయి. బ్రిటన్‌లో దాదాపు 5 లక్షల మందిని సుమారు పదకొండేళ్ల పాటు గమనించి, 2022లో ఫలితాలు ప్రచురించారు. రోజుకు రెండు కప్పులు, అంతకు మించి తాగేవారిలో మరణాల ముప్పు అసలు తాగనివారికన్నా 9 నుంచి 13 శాతం తక్కువగా కనిపించింది. వాళ్లలో ఎక్కువమంది తాగింది మనలా బ్లాక్ టీ పొడితో చేసినదే. పాలు కలిపినా, కలపకపోయినా ఫలితం మారలేదు. అయితే ఇది అలవాట్లను గమనించి చెప్పిన మాట. టీ వల్లే ఆయుష్షు పెరిగిందని దీన్నిబట్టి తేల్చలేం. తేయాకులోని పాలీఫెనాల్స్ రక్తనాళాలకు మేలు చేస్తాయని చెప్పే పరిశోధనలు మాత్రం వేరుగా చాలానే ఉన్నాయి.

మన దగ్గర ఆ మేలును ముందుగా మింగేసేది పంచదార. గ్లాసుకు రెండు చెంచాల చొప్పున మూడు గ్లాసులు తాగితే పాతిక గ్రాములు ఒంట్లోకి చేరినట్టే. రోజంతటికీ అంతకు మించకపోతే మరింత మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన హద్దు అది. మిఠాయి, కూల్‌డ్రింకు ఇంకా లెక్కలోకి రాలేదు.

పొగలు కక్కుతుండగానే గొంతులో పోసుకోవడం మరో అలవాటు. 65 డిగ్రీలకు మించిన వేడితో తాగే పానీయాలు అన్నవాహిక కేన్సర్‌కు కారణం కావచ్చని అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ 2016లో ప్రకటించింది. తప్పు టీది కాదు, వేడిది. గ్లాసును కాసేపు పక్కన పెడితే చాలు. ఆ గ్లాసు కూడా గాజుదో స్టీలుదో అయితే మేలు. పేపర్ కప్పు లోపల పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. అందులో వంద మిల్లీలీటర్ల వేడి ద్రవం పదిహేను నిమిషాలు ఉంటే పాతిక వేల దాకా సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు చేరతాయని ఖరగ్‌పూర్ ఐఐటీ పరిశోధకులు 2020లో చెప్పారు.

వీటన్నిటికన్నా ఎక్కువ పట్టించుకోవలసింది, ఎవరూ పట్టించుకోనిది, టీ తాగే వేళ. ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మధ్య ఆడవాళ్లలో సగం మందికి పైగా రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. అన్నం, పప్పు, ఆకుకూరల నుంచి వచ్చే ఇనుమును టీలోని పాలీఫెనాల్స్ పేగుల్లోనే పట్టేసుకుంటాయి. రొట్టెతో పాటే బ్లాక్ టీ తాగితే ఇనుము ఒంటికి పట్టడం 79 నుంచి 94 శాతం దాకా తగ్గిందని 1999లో ఒక అధ్యయనం తేల్చింది. పాలు కలిపినా పెద్దగా తేడా లేదు. 2017లో పన్నెండుమంది స్త్రీలపై చేసిన మరో పరీక్షలో, తిన్నాక గంట ఆగి టీ తాగితే ఆ నష్టం సగానికి పడిపోయింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో వెలువరించిన ఆహార మార్గదర్శకాల్లోనూ భోజనానికి గంట ముందూ, గంట తర్వాతా టీ, కాఫీలు వద్దని ఉంది.

ఉప్పాడ వంటింటికి ఈ విషయంలో ఒక ఆసరా ఉంది. నెత్తళ్లు, కవళ్లు లాంటి చేపల్లోని ఇనుములో కొంత భాగం టీ అడ్డుకి అంతగా లొంగదు. పైగా చేప ఉన్న భోజనంలో అన్నం, పప్పుల్లోని ఇనుము కూడా బాగా పడుతుంది. చేప దొరకని రోజున పప్పూ అన్నం తిని లేస్తూనే టీ తాగి మగ్గమెక్కే ఆడవాళ్లు నష్టపోతారు. ఆ టీని మానెయ్యక్కర్లేదు, మధ్యాహ్నం మూడింటికి జరిపితే సరిపోతుంది.

గర్భిణులకు మాత్రం రెండు జాగ్రత్తలు తప్పవు. ఆశా కార్యకర్త ఇచ్చే ఐరన్ మాత్రను టీతో మింగకూడదు, మంచినీళ్లతోనో నిమ్మరసంతోనో వేసుకోవాలి. కెఫీన్ రోజుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదని చాలా దేశాల వైద్యుల సలహా. ఒక టీలో 30 నుంచి 65 మిల్లీగ్రాములు ఉంటుంది కాబట్టి, కాఫీ జోలికి పోనివాళ్లకు రోజుకు రెండు గ్లాసుల టీతో భయం లేదు.