విశాఖ పేరుతో క్లబ్ వచ్చింది, విశాఖకు మాత్రం రాలేదు.. చిన్న క్లబ్‌కి జీవితాంతం అభిమాని ఎందుకు కావాలి?

2020లో విశాఖపట్నానికి ఒక ఫుట్‌బాల్ క్లబ్ దక్కింది. ఈ మాట ఓల్డ్ టౌన్‌లో చెప్పినా, గాజువాకలో చెప్పినా చాలామంది "ఎప్పుడు? ఎక్కడ?" అనే అడుగుతారు. ఆ ఏడాది అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఐ-లీగ్‌లో కొత్త క్లబ్బుల కోసం బిడ్లు పిలిచింది. ఢిల్లీ నుంచి సుదేవా, విశాఖపట్నం నుంచి శ్రీనిధి ఎంపికయ్యాయి. శ్రీనిధి 2021-22 సీజన్‌లో బరిలోకి దిగింది. కొవిడ్ వల్ల ఆ ఏడాది మ్యాచ్‌లన్నీ కోల్‌కతా చుట్టుపక్కలే జరిగాయి. ఆ తర్వాతి సీజన్ నుంచి హైదరాబాద్ శివార్లలోని డెక్కన్ అరీనా దాని సొంత గ్రౌండ్ అయింది. పేరు కూడా శ్రీనిధి డెక్కన్. విశాఖ అన్న మాట కాగితం మీదే ఉండిపోయింది.

జట్టు బాగానే ఆడింది. 2022-23లో, 2023-24లో వరుసగా రెండుసార్లు ఐ-లీగ్‌లో రెండో స్థానం. మొదటి స్థానంలో నిలిస్తే పైనున్న ఐఎస్‌ఎల్‌కి వెళ్లేవారు. అందుకే ఇక్కడ జట్టును తప్పుపట్టాల్సిన పని లేదు. అసలు ప్రశ్న వేరే. ఊరి పేరు మీద వచ్చిన క్లబ్ ఊరికి రాకపోతే, ఊళ్లో గొడవేమీ ఎందుకు కాలేదు?

ఇదే పని ఇంగ్లండ్‌లో జరిగితే ఏమైందో చూద్దాం. లండన్‌లో వింబుల్డన్ అనే క్లబ్ ఉండేది. దాన్ని అక్కడికి దాదాపు 90 కిలోమీటర్ల దూరంలోని మిల్టన్ కీన్స్ అనే పట్టణానికి తరలించుకోవచ్చని 2002 మే 28న ఒక కమిషన్ తీర్పిచ్చింది. అభిమానులు ఊరుకోలేదు. కొద్ది వారాల్లోనే ఏఎఫ్‌సీ వింబుల్డన్ పేరుతో సొంత క్లబ్ పెట్టుకున్నారు. ఆటగాళ్లు కావాలని ప్రకటించి, ఊళ్లోని పబ్లిక్ మైదానంలో సెలక్షన్స్ పెట్టారు. మొదలుపెట్టింది తొమ్మిదో అంచె లీగ్‌లో. మన లెక్కలో అది జిల్లా లీగ్ లాంటిది. ఆ స్థాయి మ్యాచ్‌కి కూడా సగటున మూడు వేల మంది దాకా వచ్చారు. తొమ్మిదేళ్లలో ఐదు ప్రమోషన్లు కొట్టి 2011లో ప్రొఫెషనల్ లీగ్‌లోకి తిరిగొచ్చారు. 2020 నవంబర్‌లో, విశాఖ క్లబ్ ఇంకా కాగితం మీదున్న రోజుల్లోనే, పాత గ్రౌండ్‌కి కూతవేటు దూరంలో సొంత స్టేడియం కూడా తెరిచారు. క్లబ్‌లో మెజారిటీ వాటా అభిమానుల ట్రస్టుదే. ఎంత డబ్బు పెట్టినా ఒక మనిషికి ఒకే ఓటు.

ఇక్కడ ఒక మాట అర్థం చేసుకోవాలి. ఇంగ్లండ్‌లో ప్రీమియర్ లీగ్, దాని కింద మూడు డివిజన్లు కలిపి 92 క్లబ్బులు. వాటి కిందున్న వందల క్లబ్బుల్ని 'నాన్-లీగ్' అంటారు. వాటిలో ఆడేవాళ్లలో చాలామందికి పగలు వేరే ఉద్యోగాలుంటాయి. టీవీలో రారు. అయినా తాత వెళ్లిన గ్రౌండ్‌కే మనవడూ వెళ్తాడు. తూర్పు లండన్‌లో బంగ్లాదేశీ కుటుంబాలు 1996లో పెట్టుకున్న స్పోర్టింగ్ బెంగాల్ యునైటెడ్ కూడా అలాంటి నాన్-లీగ్ క్లబ్బే. గెలిచే జట్టే కావాలనుకుంటే అదే ఊళ్లో ఆర్సెనల్ ఉంది, చెల్సీ ఉంది.

మన దగ్గర నాన్-లీగ్ అన్న మాట లేదు. మెట్లు మాత్రం ఉన్నాయి. 2024-25 సీజన్‌లో అవి రాష్ట్ర లీగ్, దానిపైన ఐ-లీగ్ 3, ఐ-లీగ్ 2, ఐ-లీగ్, అన్నింటికంటే పైన ఐఎస్‌ఎల్. కింది మెట్టు మీద అభిమానులు లేకపోవడమే మన సమస్య. దానికి కారణం మన జట్లు పుట్టిన తీరులో ఉంది.

విశాఖలో ఆట అంటే డిపార్ట్‌మెంట్ జట్టు. పోర్టు, రైల్వే, నేవీ, స్టీల్ ప్లాంట్. స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వస్తుంది, డ్యూటీ చేస్తూ డిపార్ట్‌మెంట్ తరఫున ఆడాలి. ఎన్నో కుటుంబాలకు ఆ కోటా అన్నం పెట్టింది, దాన్ని చిన్నచూపు చూడలేం. అబ్బాజాన్ ఆడుతున్నంత కాలం ఇంటిల్లిపాదీ గ్రౌండ్‌కి వెళ్తారు. ఆయన రిటైరయ్యాక ఆ గ్రౌండ్‌తో ఇంటికున్న సంబంధం కూడా రిటైరైపోతుంది. పైగా జట్టు బతుకు డిపార్ట్‌మెంట్ బతుకుతో ముడిపడి ఉంటుంది. 2021 జనవరిలో స్టీల్ ప్లాంట్ నుంచి కేంద్రం తన వాటా మొత్తం ఉపసంహరించుకునేందుకు సూత్రప్రాయంగా ఒప్పుకుంది. అప్పటి నుంచి కార్మికులు రోడ్డెక్కారు. ఉద్యోగాలే ఉంటాయో లేదో తెలియని చోట జట్టు గురించి ఎవరు ఆలోచిస్తారు?

తెలుగు నేల మీద పుట్టిన అతి గొప్ప జట్టు కథ కూడా ఇంతే. హైదరాబాద్ సిటీ పోలీస్ 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ భారత జట్టుకు 1951లో, 1962లో ఏషియన్ గేమ్స్ స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చారు. 1963 జూన్‌లో ఆయన కన్నుమూశారు. తర్వాత హబీబ్, నయీముద్దీన్ లాంటి హైదరాబాద్ కుర్రాళ్లు పేరు తెచ్చుకున్నది కలకత్తా క్లబ్బుల్లో. కారణం సింపుల్. అక్కడ క్లబ్ అంటే మెంబర్‌షిప్ కార్డున్న జనం. ఇక్కడ క్లబ్ అంటే ఒక ఆఫీసు.

ఆ జనం ఎంత మొండివాళ్లో తెలియాలంటే మొహమ్మడన్ స్పోర్టింగ్‌ని చూడాలి. 1891లో పుట్టిన క్లబ్. 1934లో కలకత్తా లీగ్ గెలిచిన మొదటి భారతీయ జట్టు ఇదే, ఆ తర్వాత మరో నాలుగేళ్లు వదల్లేదు. ఈ సంగతి మన ఇళ్లలో పెద్దవాళ్లు గర్వంగా చెప్పుకునేదే. ఆ తర్వాత పడిన పాట్లే ఎవరూ చెప్పరు. 1981లో కలకత్తా లీగ్ గెలిచాక మళ్లీ గెలిచింది 2021లో. నలభై ఏళ్లు! 1981లో పదేళ్ల పిల్లాడు మళ్లీ ఆ కప్పు చూసేసరికి యాభై ఏళ్లవాడు. మధ్యలో క్లబ్ జాతీయ లీగ్ రెండో డివిజన్‌లో ఏళ్ల తరబడి మగ్గింది. 2024 ఏప్రిల్‌లో షిల్లాంగ్‌లో గెలిచి ఐ-లీగ్ టైటిల్ కొట్టి, ఐఎస్‌ఎల్‌లోకి వెళ్లింది. అక్కడ మొదటి సీజన్‌లోనే ఆఖరి స్థానం. అభిమానులు తిట్టారు, బాధపడ్డారు, అయినా క్లబ్ మార్చలేదు. ఆ ఏడాది దాని వెనకాల రెండో స్థానంలో ఆగిపోయింది ఎవరో కాదు, కాగితం మీద మన విశాఖకు రావాల్సిన శ్రీనిధే.

పెద్ద లీగ్ జట్టును పట్టుకుంటే ఏమవుతుందో మొన్ననే చూశాం. 2019లో పుణె జట్టు స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. 2022 మార్చిలో ఐఎస్‌ఎల్ ట్రోఫీ గెలిచింది. 2025లో ఢిల్లీకి వెళ్లిపోయి పేరు కూడా మార్చుకుంది. డెక్కన్ లెజియన్ పేరుతో స్టాండ్స్‌లో డప్పు కొట్టినవాళ్ల చేతిలో మిగిలింది పాత జెర్సీ. ఫ్రాంచైజీ అంటే లీగ్‌లో ఒక సీటు. సీటు కొన్నవాళ్లది, వాళ్లు అమ్ముకోవచ్చు, ఊరు మార్చుకోవచ్చు. అకౌంట్స్ భాషలో అభిమానం 'గుడ్‌విల్' కింద వస్తుంది, అంటే కంపెనీ చేతులు మారినప్పుడు తప్ప పుస్తకాల్లో కనిపించదు.

మరి మొహల్లాలో ఒక చిన్న క్లబ్ నిలబడాలంటే? సెలవుల్లో ఒక టోర్నమెంట్ పెట్టి, జెర్సీల మీద స్పాన్సర్ పేరేసి, మళ్లీ సంవత్సరం దాకా మర్చిపోతే అది క్లబ్ కాదు. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 ప్రకారం ఏడుగురు మనుషులుంటే చాలు, సొసైటీ పెట్టొచ్చు. ఆశయాలు రాసిన మెమొరాండం, నియమావళి రాసి రిజిస్ట్రార్ ఆఫీసులో ఇవ్వాలి. లాభం ఎవరూ పంచుకోకూడదు. తర్వాత జిల్లా ఫుట్‌బాల్ సంఘంలో గుర్తింపు కోసం అడగాలి.

నియమావళిలోనే రెండు సంగతులు రాసుకుంటే మంచిది. ఒకటి, చందా ఎంత కట్టినా మనిషికి ఒక్కటే ఓటు. రెండు, క్లబ్ పేరు గానీ ఊరు గానీ మార్చాలంటే సభ్యులందరి మీటింగ్ పెట్టాలి, నలుగురు పెద్దలు కూర్చుని తేల్చేయకూడదు. మహిళలకూ సభ్యత్వం ఇవ్వాలి. ఆదివారం పొద్దున్నే పిల్లల బూట్లు వెతికి, సాక్సులు ఉతికి పంపేది అమ్మీలే, మరి ఓటు లేకపోతే ఎలా? నెల చందా టీ ఖర్చుకు మించకుండా పెట్టుకుంటే ఆటోవాళ్లు, పోర్టు కూలీలు కూడా కడతారు. జట్టు ఓడిన నెల కూడా ఆ చందా వస్తుందా లేదా అన్నది ట్రెజరర్ రసీదు పుస్తకంలో తెలిసిపోతుంది.