దోమలన్నీ ఒకటి కావు

వెన్నెముక లేని జీవులను అకశేరుకాలు అంటారు. శాస్త్రజ్ఞులు గుర్తించిన జంతుజాతులలో నూటికి తొంభై అయిదు పాళ్లకు పైగా ఇవే. వానపాము, నత్త, జలగ, పీత, చీమ: వీటికి ఉన్న పోలికలు స్వల్పం. లేనిదానిని బట్టి పెట్టిన పేరు కనుక ఇంతటి వైవిధ్యం అందులో ఇమిడిపోయింది.

ఈ వైవిధ్యంతో చెన్నై నగరవాసికి పనేమిటన్న ప్రశ్నకు దోమే సమాధానం. ప్రపంచంలో 3,500కు పైగా దోమజాతులున్నాయి. రక్తం తాగేవి ఆడదోమలు మాత్రమే. మన ఇళ్ల చెంత ముఖ్యంగా మూడు రకాలను గమనించాలి.

మురుగుకాలువలలో పెరిగి రాత్రివేళ కుట్టేది క్యూలెక్స్. బోదకాలు వ్యాధిని వ్యాపింపజేసేది ఇదే. తోక పైకెత్తి ఏటవాలుగా వాలేది అనాఫిలిస్. ఇందులో స్టీఫెన్సీ అనే జాతి నగరాలలోని బావులలోను, మిద్దెపై మూతలేని ట్యాంకులలోను గుడ్లు పెట్టి మలేరియాను మోస్తుంది. మలేరియా క్రిమిని దోమ కడుపులో రొనాల్డ్ రాస్ తొలిసారి చూసినది మన సికింద్రాబాదులోనే, 1897 ఆగస్టు 20న.

మూడవది ఈడిస్. నల్లని కాళ్లపై తెల్లని పట్టీలుంటాయి. పగటివేళ కుడుతుంది, డెంగీ, చికున్‌గున్యా తెస్తుంది. మురుగును చూసి ముక్కు మూసుకొనే మనం దీనిని అనుమానించము, ఎందుకంటే ఇది కోరేది ఇంట్లోని మంచినీటినే. నీటిలో కాక, నీటిమట్టానికి కాస్త పైన, పాత్ర లోపలి గోడకు గుడ్లను అంటిస్తుంది. నీరు ఎండిపోయినా అవి నెలల తరబడి చావవు. మళ్లీ నీరు తగలగానే పొదుగుతాయి. గుడ్డు దోమగా ఎగరడానికి వారం, పది రోజులు చాలు. పొగమందు ఎగిరే దోమలను చంపగలదు గాని, ఈ గుడ్లను ఏమీ చేయలేదు.

అందుచేత నీళ్లు పారబోస్తే సరిపోదు, గోడలను పీచుతో గట్టిగా రుద్దాలి. లారీనీటి కోసం బిందెలతో వరుసలో నిలిచినవారికి, నిండిన డ్రమ్మును ఒంపమని చెప్పడం న్యాయం కాదు. సందు లేకుండా మూతగాని, గుడ్డగాని బిగించి కట్టండి. డ్రమ్ము ఖాళీ అయినప్పుడు, మళ్లీ నింపేలోగా రుద్ది కడగండి. పూలకుండీ కింది పళ్లేన్నీ, ఫ్రిజ్ వెనుక నీరు చేరే పళ్లేన్నీ మాత్రం వారానికొకసారి తీసి చూడవలసిందే.