స్వరపేటిక కాన్సరు - లేజర్ శస్త్రచికిత్స

మెడపై కోత లేకుండా, నోటి ద్వారా లోహపు గొట్టమును పంపి, సూక్ష్మదర్శినిలో చూచుచు లేజర్ కిరణముతో కణితిని తొలగించు పద్ధతిని స్వరపేటిక లేజర్ శస్త్రచికిత్స అందురు. గొంతు కాన్సరులన్నిటికీ ఇది పనికిరాదు. ముఖ్యముగా స్వరతంత్రులపై పుట్టిన తొలిదశ కణితులకు వాడుదురు.

చరిత్ర

ఇందులో ఉపయోగించు కార్బన్ డయాక్సైడ్ లేజర్‌ను 1964లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో రూపొందించినవాడు మహారాష్ట్రలోని బారామతిలో జన్మించిన సి. కుమార్ పటేల్. 1972లో స్ట్రాంగ్, జాకో అను వైద్యులు స్వరపేటికపై దాని వాడుకను వివరించిరి. తరువాత జర్మనీ వైద్యుడు వోల్ఫ్‌గాంగ్ స్టైనర్ దీనిని కాన్సరు చికిత్సగా అభివృద్ధి చేసెను. కణజాలములోని నీరు ఈ కిరణమును పీల్చుకొనుటచే అది లోతుకు పోదు, రక్తస్రావము స్వల్పము.

పాతబస్తీలో

హైదరాబాదు పాతబస్తీలో జర్దా కిళ్ళీ, బీడీ, సిగరెట్టు, హుక్కా అన్నియు వాడుకలో ఉన్నవి. జర్దా ప్రధానముగా నోటి కాన్సరును కలిగించును. స్వరపేటికకు ముఖ్య శత్రువు పొగ. మద్యము తోడైనచో ప్రమాదము హెచ్చును. మసీదులో అజాన్ పలుకువారికి, ఖవ్వాలీ గాయకులకు, లాడ్ బజారు గాజుల వర్తకులకు గొంతే ఆధారము. స్వరతంత్రిపై చిన్న కణితి ఏర్పడినను గొంతు మారును గనుక ఈ వ్యాధి ముందుగానే హెచ్చరించునని చెప్పవచ్చును. అయితే ఆ బొంగురును జలుబుగా భావించి నెలల తరబడి మందుబిళ్ళలతో గడుపుటయే చేటు. మూడు వారములు మించినచో వైద్యునికి చూపవలెను. మూసీకి ఆవల కోఠిలో ప్రభుత్వ ఇ.ఎన్.టి. ఆసుపత్రి, రెడ్ హిల్స్‌లో 1955లో స్థాపితమైన ఎం.ఎన్.జె. కాన్సరు ఆసుపత్రి ఉన్నవి. రెండవది మెహదీ నవాజ్ జంగ్ పేరిట వెలసినది. ఈయన తరువాత గుజరాత్ తొలి గవర్నరు అయ్యెను.

దీర్ఘకాలిక ఫలితములు

ఒక తంత్రికే పరిమితమైన తొలిదశలో, ఐదేండ్ల తరువాత నూటికి 85 నుండి 95 మందిలో కణితి అదే చోట తిరిగి కనిపించదు. స్వరపేటిక నిలుపుకొనువారు 90 శాతమునకు పైనే. స్వరతంత్రులలో శోషరసనాళములు తక్కువగుటచే వ్యాధి మెడ గ్రంథులకు త్వరగా ప్రాకదు. రెండు తంత్రులు ముందువైపు కలియుచోట కణితి ఉన్నచో మాత్రము తిరగబెట్టుట ఎక్కువ.

రేడియేషన్‌తోను వ్యాధి అదుపు దాదాపు ఇంతే. అయితే దానికి అనేక వారముల పాటు ఆసుపత్రికి తిరుగవలెను. పైగా వ్యాధి మరల వచ్చినచో లేజర్‌ను తిరిగి వాడవచ్చును. రేడియేషన్ పూర్తి మోతాదులో అదే చోట మరల ఇచ్చుట కష్టము, స్వరపేటికను పూర్తిగా తీసివేయవలసి రావచ్చును. తంత్రి పైపొర మాత్రమే తీసినవారి స్వరము చాలవరకు మామూలగును. లోపలి కండరము వరకు తీసినచో గాలి కలిసిన బలహీన స్వరము మిగులును. గాయకులు ఈ విషయమును ముందే వైద్యునితో చర్చించుట మేలు.

వ్యాధి తిరిగి వచ్చునది ఎక్కువగా మొదటి రెండు, మూడు సంవత్సరములలోనే. ఆ తరువాత ప్రాణాపాయము తరచుగా పాత కణితి వలన కాక, పొగ మానని వారి ఊపిరితిత్తులలో గాని, నోటిలో గాని, అన్నవాహికలో గాని పుట్టు క్రొత్త కాన్సరు వలన కలుగును. కావున మొదటి సంవత్సరము ఒకటి నుండి మూడు నెలలకొకసారి, పిదప అంతరము పెంచుచు, ఐదేండ్ల వరకు పరీక్ష చేయించుకొందురు.